చిన్న వయసులో గుండెకు రక్తపు గడ్డ: మూలం వంశంలో ఉండవచ్చు

చోడవరం: ముప్ఫై ఏళ్లు నిండని యువకుడికి ఛాతీలో నొప్పి వస్తే ఇంట్లో మొదట వినిపించే మాట గ్యాస్. సోడా తాగిస్తారు, దుకాణం నుంచి మాత్ర తెప్పించి వేస్తారు, కాసేపు పడుకోమంటారు. ఈ వయసులో గుండెపోటేమిటన్న ధీమా రోగికే కాదు, ఇంటిల్లిపాదికీ ఉంటుంది. నొప్పి తగ్గక ఆస్పత్రికి తీసుకెళ్తే ఈసీజీలో గుండెపోటని తేలుతుంది. పెద్దాస్పత్రిలో యాంజియోగ్రాం చేస్తే కొవ్వు పూడికలేవీ కనిపించవు. శుభ్రంగా ఉన్న రక్తనాళంలో ఒక్క రక్తపు గడ్డ మాత్రం అడ్డుపడి ఉంటుంది. ఇలాంటి సందర్భాలు అరుదు. అయినా ఉన్నాయి. పొగతాగని, మధుమేహం లేని యువకుడికి గడ్డ ఎందుకు కట్టిందన్న ప్రశ్నకు సమాధానం కొన్నిసార్లు అతని తండ్రి, మేనత్త, తాతల ఆరోగ్య చరిత్రలో దొరుకుతుంది. రక్తం అవసరానికి మించి గడ్డకట్టే తత్వం కొన్ని కుటుంబాలలో తరతరాలుగా సంక్రమిస్తుంది. వైద్యులు దీనిని థ్రాంబోఫీలియా అంటారు.

చోడవరం 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారినా, గుండెకు గానీ రక్త వ్యాధులకు గానీ నిపుణుల వైద్యం కావాలంటే ఈ ప్రాంతవాసులు పట్టే దారి విశాఖదే. సుమారు 50 కిలోమీటర్ల ఆ దూరం ప్రాణాపాయ సమయంలో ఒక రకమైన కష్టం. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగే మందులు, రక్తపరీక్షల కాలంలో అది మరో రకమైన కష్టం. వంశపారంపర్య లోపమున్న వారిని ఎక్కువగా వేధించేది ఈ రెండోదే. మొదటి గడ్డను ఆస్పత్రి కరిగిస్తుంది. రెండో గడ్డ రాకుండా చూసుకునే భారంలో ఎక్కువ భాగం కుటుంబం మీదే పడుతుంది.

బ్రేకు అరిగిన బండి

గాయమైన చోట రక్తం గడ్డకట్టకపోతే ప్రాణం నిలవదు. నాళం తెగిన వెంటనే ప్లేట్‌లెట్లు అక్కడికి చేరి తాత్కాలికంగా అడ్డుకట్ట వేస్తాయి. ఆ వెనుకే రక్తంలో నిద్రాణంగా ఉండే కొన్ని ప్రొటీన్లు ఒకదాన్నొకటి మేల్కొలుపుతూ చివరకు త్రాంబిన్‌ను తయారుచేస్తాయి. అది ఫైబ్రినోజన్ అనే మరో ప్రొటీన్‌ను పోగులుగా మారుస్తుంది. ఆ పోగుల వలలో రక్తకణాలు చిక్కుకుని గడ్డ గట్టిపడుతుంది. ఈ పనిలో పాల్గొనే వాటిని కారకాలు అంటారు. వీటికి ఒకటి నుంచి పదమూడు వరకు అంకెలు వేశారు. ఆరో కారకమంటూ విడిగా ఏదీ లేదని తర్వాత తేలడంతో ఆ అంకె ఖాళీగానే ఉండిపోయింది.

గడ్డకట్టడం ఎంత అవసరమో, గాయం పూడిన చోట అది ఆగిపోవడమూ అంతే అవసరం. ఆపే పని చూసేవి ముఖ్యంగా మూడు. యాంటీత్రాంబిన్, ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్. ఈ మూడూ ప్రధానంగా కాలేయంలో తయారవుతాయి. చెరకు లోడుతో పల్లం దిగే లారీకి ఇంజను జోరు పెరగనక్కర్లేదు. బ్రేకు సగమే పడితే చాలు, ప్రమాదం ముంచుకొస్తుంది. తల్లిదండ్రులలో ఒకరి నుంచి లోపమున్న జన్యువు వచ్చిన వారిలో జరిగేది ఇదే. ఈ ప్రొటీన్లలో ఏదో ఒకటి సాధారణ స్థాయిలో దాదాపు సగమే ఉంటుంది. అలాంటి వ్యక్తికి పుట్టే ప్రతి బిడ్డకూ ఆ జన్యువు సంక్రమించే అవకాశం సగానికి సగం. ఆడ, మగ తేడా లేదు.

అయితే జన్యువు ఒక్కటే గడ్డను తెచ్చిపెట్టడం తక్కువ. రక్తప్రవాహం మందగించడం, నాళపు గోడ దెబ్బతినడం, రక్తం తత్వం మారడం అనే మూడు పరిస్థితుల కలయికతో గడ్డలు ఏర్పడతాయన్న అవగాహనకు 1856లో జర్మన్ శాస్త్రవేత్త రుడాల్ఫ్ విర్కో పరిశోధనలు పునాది వేశాయి. వంశపారంపర్య లోపం వీటిలో మూడోది మాత్రమే. కాలు విరిగి కట్టుతో నెల రోజులు మంచం పట్టడం, శస్త్రచికిత్స, కాన్పు, తీవ్రమైన జ్వరం, ఒంట్లో నీరు ఇంకిపోవడం వంటి మరో కారణం తోడైనప్పుడే చాలామందిలో మొదటి గడ్డ బయటపడుతుంది. లోపం ఉండి కూడా జీవితాంతం ఏ ఇబ్బందీ ఎరగని వారు కోకొల్లలు.

నార్వేలో ఒక కుటుంబం

ఈ లోపాల గురించి శాస్త్రలోకానికి మొదట చెప్పింది ప్రయోగశాల కాదు, ఒక కుటుంబ వృక్షం. నార్వే వైద్యుడు ఓలావ్ ఎగెబెర్గ్ 1965లో ఒక కుటుంబాన్ని పరిశీలించారు. ఆ ఇంట్లో తరతరాలుగా పలువురికి సిరలలో గడ్డలు కడుతున్నాయి. పరీక్షిస్తే వారి రక్తంలో యాంటీత్రాంబిన్ సగం మేరకే ఉన్నట్లు తేలింది. ప్రొటీన్ సి లోపం 1981లో, ప్రొటీన్ ఎస్ లోపం 1984లో వెలుగు చూశాయి. ఇవన్నీ అరుదైనవి. గడ్డలు కట్టిన వారిలో అత్యధికులకు వీటిలో ఏదీ కనిపించలేదు.

ఆ చిక్కుముడి చాలావరకు విడింది 1993లో. స్వీడన్‌లోని మాల్మోలో బ్యోర్న్ దాల్‌బ్యాక్ అనే శాస్త్రవేత్త, పదేపదే గడ్డలు కడుతున్న ఒక రోగి రక్తంలో ప్రొటీన్ సి సరిపడా ఉన్నా దాని మాట వినని లక్షణాన్ని గుర్తించారు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగర పరిశోధకులు కారణం పట్టుకున్నారు. ఐదో కారకపు జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. దాంతో ఆ కారకాన్ని ప్రొటీన్ సి సులువుగా నిర్వీర్యం చేయలేకపోతోంది. ఊరి పేరుతోనే దానికి 'ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్' అన్న పేరు స్థిరపడింది. 1996లో అదే లైడెన్ బృందం ప్రోత్రాంబిన్ జన్యువులోనూ ఒక మార్పును కనుగొంది.

ఇక్కడొక విషయం గమనించాలి. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఐరోపా సంతతి వారిలో నూటికి ఐదుగురిలో కనిపిస్తుంది. భారతీయులలో అంతకంటే బాగా తక్కువ. ప్రోత్రాంబిన్ మార్పు మనవారిలో మరీ అరుదు. పాశ్చాత్య దేశాల పుస్తకం చూసి తయారుచేసిన పరీక్షల జాబితాను ఇక్కడి రోగికి యథాతథంగా రాయడంలో అర్థం లేదు. మనదేశంలో ఈ రంగంలో ఏళ్లుగా పరిశోధిస్తున్న ముంబయిలోని జాతీయ ఇమ్యునోహెమటాలజీ సంస్థ వంటివి ఉండటానికి కారణం కూడా ఇదే. ఇక్కడి రక్తాన్ని ఇక్కడే చదవాలి.

గుండెకు చేరే దారులు

'గుండెలో గడ్డ' అన్న మాట కింద మూడు వేర్వేరు జబ్బులున్నాయి. రోగి బంధువులు వీటిని కలగాపులగం చేసుకుంటారు. చికిత్స మాత్రం వేటికవే.

మొదటిది గుండె కండరానికి రక్తాన్నిచ్చే కరోనరీ ధమనిలో గడ్డ. ఇదే గుండెపోటు. రెండోది గుండె గదుల లోపలే ఏర్పడే గడ్డ. గుండెపోటు తర్వాత బలహీనపడిన ఎడమ జఠరికలో గానీ, కవాటం మూసుకుపోయి ఉబ్బిన కర్ణికలో గానీ ఇది కడుతుంది. అక్కడి నుంచి ముక్క ఊడి మెదడుకు చేరితే పక్షవాతం. మన పల్లెల్లో చిన్న వయసు వారి గుండె గదిలో గడ్డ కనిపిస్తే వైద్యులు ముందుగా వెదికేది జన్యువును కాదు. చిన్నప్పుడు గొంతు నొప్పితో మొదలై కీళ్లవాపు జ్వరంగా వచ్చి కవాటాన్ని పాడుచేసిన రుమాటిక్ వ్యాధిని. ఇది వంశపారంపర్యం కాదు.

మూడోది కాలి సిరలో పుట్టి పైకి ప్రయాణించే గడ్డ. వంశపారంపర్య లోపాలకు అసలు సిసలు స్థావరం ఇదే. పిక్క వాచి, నొప్పి పెట్టి, ఒక కాలు రెండోదానికంటే లావుగా కనిపిస్తుంది. బెణికిందనో, నరం పట్టిందనో తైలం రాసి మర్దన చేస్తారు. అలా చేయకూడదు. గడ్డ కదిలితే గుండె కుడి భాగం గుండా ఊపిరితిత్తుల నాళంలోకి వెళ్లి ఇరుక్కుంటుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీల్చినప్పుడు పొడిచినట్లు నొప్పి, స్పృహ తప్పడం దీని లక్షణాలు. కొందరిలో అదే గడ్డ ఎడమవైపుకు దాటే అవకాశమూ ఉంది. గర్భస్థ శిశువు గుండె పైగదుల మధ్య ఉండే చిన్న రంధ్రం పుట్టిన తర్వాత మూసుకోవాలి. దాదాపు ప్రతి నలుగురిలో ఒకరికి అది పూర్తిగా మూసుకోదు. మామూలుగా దానివల్ల ఏ బాధా ఉండదు. కాలి గడ్డ ఆ సందులోంచి జారితే మాత్రం మెదడుకు గానీ, అరుదుగా కరోనరీ ధమనికి గానీ చేరుతుంది.

నేరుగా ధమనిలో గడ్డ కట్టడానికీ ఈ జన్యులోపాలకూ ఉన్న సంబంధం అంత గట్టిది కాదు. ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ వల్ల గుండెపోటు ముప్పు పెరిగేది స్వల్పమే. నెదర్లాండ్స్ కుటుంబాలపై జరిపిన అధ్యయనం ఒకటి 2008లో వెలువడింది. ప్రొటీన్ సి, ప్రొటీన్ ఎస్ లోపమున్న వారిలో 55 ఏళ్లలోపు ధమనుల గడ్డలు ఎక్కువని, యాంటీత్రాంబిన్ లోపంలో ఆ తేడా కనిపించలేదని అది తేల్చింది. చిన్న వయసు గుండెపోటులో ఈ పరీక్షలు అందరికీ కాక, ఎంపిక చేసిన కొందరికే రాయడం ఇందువల్లనే.

తొలి అనుమానం పొగాకుపైనే

వంశం మాట ఎత్తగానే అసలు కారణాన్ని మరుగున పడేయడం మరో ప్రమాదం. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో వెలువడింది. గుండెపోటు ముప్పులో సుమారు 90 శాతానికి పొగాకు, కొవ్వులు, రక్తపోటు, మధుమేహం, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి వంటి తొమ్మిది అంశాలే కారణమని అందులో తేలింది. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తే, ఇతర దేశాల వారికి 58.8 ఏళ్లకు వస్తోందని 2007లో ప్రచురించిన విశ్లేషణ చెప్పింది. అంటే దాదాపు ఆరేళ్లు ముందే. ఉత్తరాంధ్ర పల్లెల్లో బీడీ, చుట్టతో పాటు, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట అలవాటు ఆడవారిలోనూ ఉంది. జన్యుపరీక్షకు విశాఖ వెళ్లే ముందు ఇంట్లోని చుట్టల కట్టను చూడటం చవక.

వంశపారంపర్య కారణాలలోనూ గడ్డకట్టే లోపాల కంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. ఒకటి పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే లోపం. రెండోది లైపోప్రొటీన్-ఏ. ఇది రక్తంలో తిరిగే ఒక కొవ్వు కణం. ఎంత ఉండాలన్నది దాదాపు పూర్తిగా జన్యువులే నిర్ణయిస్తాయి. ఆహార నియమంతో పెద్దగా తగ్గదు. జీవితంలో ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంట్లో ఈ రెండు పరీక్షలూ తప్పనిసరి అనే చెప్పాలి.

2023 జనవరి 27న కుప్పంలో పాదయాత్రలో కుప్పకూలిన నటుడు నందమూరి తారకరత్న ఫిబ్రవరి 18న బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు. ఆ మరణం తర్వాత, అంతకుముందు కరోనా కాలంలోనూ, చిన్న వయసు గుండెపోట్లన్నింటికీ టీకానే కారణమన్న ప్రచారం ఊరూరా సాగింది. భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 47 ఆస్పత్రుల ద్వారా ఈ విషయాన్ని పరిశీలించింది. 18 నుంచి 45 ఏళ్ల మధ్య ఆకస్మికంగా మరణించిన 729 మందిని, బతికున్న 2,916 మందితో పోల్చింది. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం టీకా వల్ల ముప్పు పెరగలేదు. కరోనాతో ఆస్పత్రి పాలవడం, మరణానికి రెండు రోజుల ముందు విపరీతంగా మద్యం తాగడం, ఒళ్లు మరచి శ్రమించడం ముప్పును పెంచాయి. ఆ జాబితాలో మరో అంశమూ ఉంది. కుటుంబంలో అంతకుముందు ఆకస్మిక మరణం సంభవించి ఉండటం.

ఇంట్లో అడగవలసినవి

వైద్యుడు ఐదు నిమిషాల్లో రాబట్టలేని సమాచారం ఇంటి పెద్దల దగ్గర ఉంటుంది. 50 ఏళ్లలోపు కాలు వాచి గడ్డ అన్నారా, నిద్రలో ఎవరైనా పోయారా, బాలింతగా ఉండగా ఫిట్సు వచ్చి చనిపోయిన వారున్నారా, నెలలు నిండే దశలో కడుపులోనే బిడ్డలు పోయిన వారున్నారా అని తండ్రి వైపు, తల్లి వైపు రెండు తరాల వరకు అడగాలి. 'గాలి సోకి పోయాడు', 'నెత్తురు విరిగింది' అని పెద్దలు చెప్పే మాటల వెనుక ఏ జబ్బుందో తరచి చూడాలి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురు చిన్న వయసులో ఇలా పోయి ఉంటే, లేదా రోగికే రెండోసారి గడ్డ కడితే, లేదా చేతులు కాళ్లు కాక కడుపులోని, తలలోని సిరల వంటి అసాధారణ చోట్ల గడ్డ కనిపిస్తే వంశపారంపర్య లోపాన్ని అనుమానించాలి.

వంశంతో సంబంధం లేకుండా మధ్యలో వచ్చే యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్‌నూ విస్మరించరాదు. బ్రిటన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ 1983లో వివరించిన ఈ వ్యాధిలో శరీరం తనపైనే తిరగబడే ప్రతిదేహాలను తయారుచేసుకుంటుంది. ధమనులలోనూ సిరలలోనూ గడ్డలు కట్టడం, పదేపదే గర్భస్రావాలు కావడం దీని గుర్తులు. చిన్న వయసులో ధమనిలో గడ్డ కడితే వంశ లోపాల కంటే ముందు దీనినే పరీక్షించడం ఉత్తమం. పరీక్షలో ఉందని తేలినా 12 వారాల తర్వాత మరోసారి చేసి నిర్ధారించుకోవాలి.

తొందరపడి చేస్తే తప్పుడు ఫలితం

గడ్డ కట్టి ఆస్పత్రిలో చేరిన రోజే పరీక్షలన్నీ చేయించేయాలని బంధువులు ఆత్రపడతారు. డబ్బు దండగయ్యేది ఇక్కడే. గడ్డ కట్టినప్పుడు ఈ ప్రొటీన్లు అందులోనే ఖర్చయిపోయి తాత్కాలికంగా తగ్గుతాయి. హెపారిన్ ఇంజెక్షను యాంటీత్రాంబిన్‌ను తగ్గిస్తుంది. వార్ఫరిన్ మాత్ర ప్రొటీన్ సి, ఎస్‌లను తగ్గిస్తుంది. గర్భిణులలో, గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో ప్రొటీన్ ఎస్ తక్కువగా ఉండటం సహజం. ఈ స్థితిలో చేసిన పరీక్ష లేని లోపాన్ని ఉన్నట్లు చూపుతుంది. ఆ కాగితం పట్టుకుని ఒక యువకుడు జీవితాంతం మాత్రలు మింగవలసిన అగత్యం ఏర్పడవచ్చు. కనీసం మూడు నెలలు గడిచాక, వైద్యుని అనుమతితో వార్ఫరిన్ ఆపిన రెండు నుంచి నాలుగు వారాల తర్వాత ఈ పరీక్షలు చేయాలి. తక్కువని వస్తే మరోసారి చేసి చూడాలి. జన్యు మార్పుల పరీక్షలకు మాత్రం ఈ నిబంధన లేదు, ఎప్పుడైనా చేయవచ్చు. మందును సొంతంగా ఆపి పరీక్షకు వెళ్లడం ప్రాణాంతకం.

ప్రైవేటు ల్యాబుల ప్యాకేజీలలో తరచూ కనిపించే ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యుపరీక్ష వల్ల రోగికి ఒరిగేది ఏమీ లేదు. ఆ మార్పు ఆరోగ్యవంతుల్లోనూ విస్తారంగా ఉంది. దీనికి ముడిపడిన హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో పెరిగితే గడ్డలు కడతాయన్నది నిజమే. బి-12, ఫోలిక్ ఆమ్లం లోపిస్తే అది పెరుగుతుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సారథ్యంలో 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారైనది ఈ ఫోలిక్ ఆమ్లమే. అయితే ఈ విటమిన్లతో హోమోసిస్టీన్‌ను తగ్గించినా గుండెపోట్లు తగ్గలేదని 2006లో వెలువడిన రెండు పెద్ద అధ్యయనాలు స్పష్టం చేశాయి. లోపమున్న వారు విటమిన్లు వాడాల్సిందే. గుండెకు కవచమనుకుని అందరూ మింగనక్కర్లేదు.

పశుగ్రాసం నుంచి పుట్టిన మందు

రక్తం గడ్డకట్టకుండా వాడే మాత్రల పుట్టుక రైతులకు ఆసక్తి కలిగించే కథ. 1920లలో ఉత్తర అమెరికాలో పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు ఆగని రక్తస్రావంతో చనిపోయేవి. 1933లో విస్కాన్సిన్ రైతు ఒకరు చచ్చిన పశువునూ, గడ్డకట్టని దాని రక్తాన్నీ మంచు తుపానులో మోసుకెళ్లి కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల ముందు పెట్టారు. ఏళ్ల పరిశోధన తర్వాత ఆ గడ్డిలోని పదార్థం దొరికింది. దాని తోబుట్టువైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్‌కు వచ్చింది. 1954లో మనుషులకు అనుమతించారు. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌కూ ఇదే మందు ఇచ్చారు.

వార్ఫరిన్, దాని జాతికే చెందిన ఎసినోకౌమరాల్ విటమిన్-కె పనిని అడ్డుకుంటాయి. ప్రొటీన్ సి కూడా విటమిన్-కె మీదే ఆధారపడినది, పైగా కారకాల కంటే త్వరగా తరిగిపోతుంది. అందుకే మొదటి రోజుల్లో ఈ మాత్ర గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది. పుట్టుకతో ప్రొటీన్ సి లోపమున్న వారికి హెపారిన్ తోడు లేకుండా దీనిని మొదలుపెడితే చర్మం నల్లబడి కుళ్లే ప్రమాదముంది. ఇంట్లో ఇంకెవరికో రాసిన మాత్రను ఇవ్వకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చెబుతుంది. సాధారణంగా అది 2 నుంచి 3 మధ్య ఉండాలి. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. తోటకూర, పాలకూర, మునగాకు వంటి ఆకుకూరల్లో విటమిన్-కె ఉంటుంది కనుక వాటిని పూర్తిగా మానేయాలని చాలామంది అనుకుంటారు. మానక్కర్లేదు. వారంవారం దాదాపు ఒకే మోతాదులో తింటే చాలు. ఒక వారం అసలు ముట్టక, మరో వారం మూడు పూటలా తినడమే తేడా తెస్తుంది. ఒళ్లునొప్పులకు ఊళ్లో వేయించుకునే ఇంజెక్షన్లు, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, పసరు మందులు వీరికి పనికిరావు. కండరంలోకి గుచ్చిన ఇంజెక్షనుతో లోపల రక్తం చేరి గడ్డలా ఉబ్బుతుంది. నొప్పి మాత్రతో కడుపులో పుండు పడి నల్లటి విరేచనాలు కావచ్చు. పన్ను తీయించుకోవడానికి వెళ్లినా ఈ మాత్ర వాడుతున్నట్లు ముందే చెప్పాలి.

డాబిగాట్రాన్, రివరాక్సబాన్, ఎపిక్సబాన్ అనే కొత్త మాత్రలకు ఐఎన్ఆర్ పరీక్షలు అవసరం లేదు. కాలి, ఊపిరితిత్తుల గడ్డలకు బాగా పనిచేస్తున్నాయి. నెలకోసారి రక్తపరీక్షకు రోజు కూలి పోగొట్టుకునే వారికి ఇది ఊరటే. కానీ లోహపు కవాటం అమర్చిన వారికి, రుమాటిక్ వ్యాధితో కవాటం బాగా మూసుకుపోయిన వారికి, తీవ్రమైన యాంటీఫాస్ఫోలిపిడ్ వ్యాధి ఉన్నవారికి పాత మందే మేలని పరీక్షలలో తేలింది. కరోనరీ ధమనిలో గడ్డ కట్టినవారికి యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి ఎలాగూ ఉంటాయి. వాటికి ఈ మందును జోడించాలా, ఎంతకాలం అన్నది రోగిని బట్టి గుండె వైద్యుడు నిర్ణయించవలసిందే తప్ప అందరికీ ఒకే సూత్రం లేదు.

ఛాతీ నొప్పి వచ్చిన క్షణాన మాత్రం ఈ చర్చ ఏదీ అక్కర్లేదు. గడ్డ జన్యువు వల్ల కట్టినా చుట్ట వల్ల కట్టినా గుండె కండరం చచ్చిపోయే వేగం ఒక్కటే. ఈసీజీ తీసే దగ్గరి ఆస్పత్రికి 108లో చేరడమే ముందు పని. గడ్డను కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షనును ప్రభుత్వాస్పత్రులలో ఉచితంగా ఇచ్చేందుకు, చిన్న ఆస్పత్రులను పెద్దాస్పత్రులతో అనుసంధానిస్తూ స్టెమీ కార్యక్రమం రాష్ట్రంలో 2023లో మొదలైంది. విశాఖ చేరాకే వైద్యమనుకుని దారిలో విలువైన గంటలు పోగొట్టుకోనవసరం లేదు.

స్త్రీలకు రెట్టింపు జాగ్రత్త

గర్భధారణ, కాన్పు తర్వాతి ఆరు వారాలు రక్తం సహజంగానే చిక్కబడే కాలం. కాన్పులో ప్రాణం పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు అది. వంశపారంపర్య లోపం ఉన్నవారిలో అదే ఎదురుతిరుగుతుంది. బాలింతకు మంచినీళ్లు అదుపుగా ఇవ్వడం, రోజుల తరబడి మంచం దిగనివ్వకపోవడం కొన్ని ఇళ్లలో నేటికీ పథ్యంగా సాగుతోంది. తలలోని సిరల్లో గడ్డకట్టి తీవ్రమైన తలనొప్పి, ఫిట్సుతో ఆస్పత్రికి వచ్చే బాలింతలు మనదేశంలో కొత్త కాదు. దాహం తీరా నీరు, త్వరగా నాలుగడుగులు నడిపించడం ఖర్చులేని మందులు.

ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రల విషయంలో 1994లో లైడెన్ పరిశోధకులు ఇచ్చిన లెక్క ఆలోచింపజేస్తుంది. లోపం లేని, మాత్ర వాడని స్త్రీలలో ఏడాదికి పదివేల మందికి ఒకరి కంటే తక్కువగా గడ్డలు కడితే, ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ ఉండి మాత్ర వాడేవారిలో 28 మందికి పైగా కట్టాయి. ముప్ఫై రెట్లకు పైగా పెరుగుదల. అయినా పదివేలలో 9,970 మందికి పైగా క్షేమంగానే ఉన్నారన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. మాలా-డి, మాలా-ఎన్ ఈ కోవకు చెందినవే. ఇంట్లో గడ్డల చరిత్ర ఉన్న స్త్రీలు కాపర్-టీ వంటి మార్గాలు ఎంచుకోవడం శ్రేయస్కరం. వార్ఫరిన్ వాడుతున్న స్త్రీ గర్భం దాల్చాలనుకుంటే ముందే వైద్యురాలికి చెప్పాలి. తొలి మూడు నెలల్లో ఆ మాత్ర పిండానికి హాని చేస్తుంది. దాని బదులు హెపారిన్ ఇంజెక్షన్లు ఇస్తారు.

మేనరికం ఉన్న ఇళ్లలో

ఒకే లోపం ఉన్న ఇద్దరు దంపతులైతే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు జన్యువులూ లోపమున్నవే వస్తాయి. మేనమామ, మేనబావ సంబంధాలలో ఈ కలయికకు అవకాశం ఎక్కువ. ప్రొటీన్ సి పూర్తిగా లేకుండా పుట్టిన పసికందుకు గంటల వ్యవధిలో ఒంటిపై ఊదా రంగు మచ్చలు లేచి చర్మం నల్లబడుతుంది. వెంటనే గుర్తించి తాజా ప్లాస్మా ఎక్కించకపోతే దక్కదు. హోమోసిస్టినూరియా అనే మరో లోపమూ ఇలా ఇద్దరి నుంచీ వచ్చినప్పుడే బయటపడుతుంది. పిల్లవాడు సన్నగా పొడుగ్గా ఉండటం, కంటిలోని కటకం పక్కకు జరగడం, కుర్రతనంలోనే గడ్డలు కట్టడం దీని గుర్తులు. వీరిలో కొందరికి బి-6 విటమిన్ ఒక్కటే గొప్పగా పనిచేస్తుంది. కటకం జారిన పిల్లవాడిని కంటి ఆస్పత్రికి తీసుకెళ్లినప్పుడు ఈ పరీక్ష సంగతీ అడగాలి.

ఒకరికి లోపమని నిర్ధారణ అయితే తోబుట్టువులందరికీ పరీక్షలు చేయించాలా అన్నదానిపై వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. గడ్డ కట్టని వ్యక్తికి కేవలం ఫలితం చూసి మందు మొదలుపెట్టరు. అయితే శస్త్రచికిత్స, కాన్పు, కాలికి కట్టు వంటి సమయాల్లో ముందుజాగ్రత్తగా కొన్ని రోజులు హెపారిన్ ఇవ్వడానికి ఆ సమాచారం ఉపయోగపడుతుంది. పెళ్లీడు వచ్చిన చెల్లెలికి సంబంధాలు తప్పిపోతాయని అన్న పరీక్ష కాగితాన్ని బీరువాలో దాచే కుటుంబాలున్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగినదే. కానీ ఆమె మొదటి కాన్పుకు ఏ ఊళ్లో చేరినా, గర్భిణీ కార్డుతో పాటు ఆ కాగితం నకలు కూడా వైద్యురాలి బల్లమీద ఉండాలి.